పద్నాలుగేళ్ల చిన్న కారు కొనొచ్చా? ఏం చూడాలి, ఎక్కడ ఆగాలి

ప్రశ్న: తొలి కారుగా 14 ఏళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొందామనుకుంటున్నాను. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, మీటర్ మీద 78,000 కిలోమీటర్లు. అమ్మే ఆయన చెప్పినవి ఇవి: ఇంజిన్ ఇంతవరకూ విప్పలేదు, నాలుగు టైర్లూ కొత్తవి, ఏసీ చల్లగా ఉంది, కింద అంచుల్లో కొంచెం రంగు వేయించాను. రోజూ పోనూ రానూ 40 కిలోమీటర్లు తిరగాలి. కొన్నాక మళ్లీ పెద్ద ఖర్చు పెట్టే స్తోమత లేదు. ఆదివారం చూడటానికి వెళ్తున్నాను. కార్ల గురించి పెద్దగా తెలియదు. ఏమేం చూడాలి? ఏది కనబడితే వద్దనుకోవాలి?

జవాబు: ఆయన చెప్పిన నాలుగు మాటలూ నిజమే కావచ్చు. కానీ వాటిలో మూడు మెచ్చుకోవాల్సినవి కావు, ఆరా తీయాల్సినవి. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఒక విషయం మనసులో స్థిరపరచుకోండి. ఈ వయసు కారులో లోపాలు ఉండి తీరుతాయి. లోపం లేని కారు కోసం వెతకడం కాదు, ఉన్న లోపాలను రెండుగా విడదీయడమే మీ పని. క్లచ్, బ్రేకులు, షాకబ్జర్లు, బుష్‌లు, బ్యాటరీ, టైర్లు ఒక రకం. వీటి సామాను దొరుకుతుంది, ఖర్చు ముందే లెక్కగట్టొచ్చు, ఆ మేరకు ధర తగ్గించమని అడగొచ్చు. బాడీ అడుగున ఇనుమును తినేసిన తుప్పు, ఒకసారి బాగా వేడెక్కిపోయిన ఇంజిన్, పొంతన లేని పత్రాలు రెండో రకం. ఈ మూడింటిలో ఏది కనబడినా బేరం ఆడొద్దు, వచ్చేయండి. చిన్న పాత కారు విలువే తక్కువ. దానికి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పనో, అడుగు వెల్డింగో పడితే ఆ ఒక్క పనే కారు ధరలో పెద్ద భాగం మింగేస్తుంది.

అమ్మే ఆయనకు ముందే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అడగండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పూర్తిగా చల్లారేదాకా కొన్ని గంటలు ఆగండి, లేదా మరో రోజు రండి. చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు. పగటి వెలుతురులో, వాన లేని వేళ చూడండి. తడి బాడీ మీద రంగు తేడాలు కనిపించవు. వెంట టార్చి, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, కాగితపు రుమాళ్లు, ఫోన్‌తో కలిసే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే చిన్న పరికరం) తీసుకెళ్లండి. కింద కూర్చోవాల్సి వస్తుంది కాబట్టి మాసినా పర్వాలేదనిపించే బట్టలు వేసుకోండి.

మొదట బాడీ, అదీ కింద నుంచి

చాలామంది నేరుగా బానెట్ ఎత్తుతారు. మీరు ముందు మోకాళ్ల మీద కూర్చోండి. ఎందుకంటే ‘కింద అంచుల్లో కొంచెం రంగు’ అన్న మాటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవునా ఒక బోలు భాగం ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని రన్నింగ్ బోర్డు అంటారు. అది అలంకారం కాదు, బాడీ బలం చాలావరకు అక్కడే ఉంది. పక్క నుంచి గుద్దినప్పుడు ఆపేదీ అదే. లోపలికి చేరిన నీళ్లు, బురద బయటకు పోవడానికి కింద చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయట రంగు మీద చిన్న పొక్కు కనబడేసరికి లోపల రేకు ఎప్పుడో పల్చబడి ఉంటుంది. అప్పుడు రంధ్రాల మీద పుట్టీ పూసి, రంగు కొట్టి, అడుగున నల్లటి పూత పట్టిస్తే చూడటానికి కొత్తగా ఉంటుంది.

కాబట్టి అయస్కాంతాన్ని ఆ అంచు పొడవునా మెల్లగా జరుపుతూ పోండి. పట్టు ఒక్కసారిగా సడలిన చోట కింద పుట్టీ ఉంది. రెండో వైపు అదే చోట పెట్టి పోల్చండి. (కొన్ని కార్లలో ముందు ఫెండర్లు ప్లాస్టిక్‌వి, అక్కడ అయస్కాంతం అసలు పట్టదు. అది లోపం కాదు.) ఆపైన వేలి కణుపుతో తడుతూ వినండి. మంచి రేకు గణగణమంటుంది, పుట్టీ ఉన్నచోట మొద్దుగా మోగుతుంది. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మేలు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250 దాటితే మళ్లీ వేసిన రంగు, 500 పైబడితే కింద పుట్టీ ఉందనుకోవచ్చు.

కింద జాకీ పెట్టే చోట్లు చూడండి. అక్కడ రెండు రేకులు కలిసిన అతుకు నిటారుగా, గట్టిగా ఉండాలి. నలిగి, పొరలు పొరలుగా రాలుతూ ఉంటే ఆ కారుకు జాకీ ఎత్తడమే ప్రమాదం. లోపల కాళ్ల కింద మ్యాట్లు తీసి, కార్పెట్ అంచు పైకెత్తి నేల రేకు తడిమి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. బానెట్ కింద రెండు వైపులా షాకబ్జర్ల పైకొసలు బిగించిన గుండ్రటి చోట్లు, బ్యాటరీ ట్రే కింద భాగం చూడండి. పాత బ్యాటరీ యాసిడ్ కారి అక్కడ రేకు తినేయడం మామూలే. బ్రిటన్‌లో ఏటా జరిగే వాహన తనిఖీలో సస్పెన్షన్, సీటు బెల్టు లాంటివి బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు రేకును బలహీనపరిచే తుప్పు ఉంటే కారును ఫెయిల్ చేస్తారు. మీరూ అదే కొలత పెట్టుకోండి. సైలెన్సర్ మీద, సస్పెన్షన్ ఇనుప చేతుల మీద పైపైన కనిపించే ఎర్రటి తుప్పుకు భయపడక్కర్లేదు. తలుపు కింది అంచులోనో, డిక్కీ మూత మీదో ఉన్నది డెంటింగ్ ఖర్చు, అంతే. అడుగున, అతుకుల్లో ఉన్నదాన్ని మాత్రం క్షమించొద్దు.

యాక్సిడెంటు సంగతి దీంతోపాటే తేలుతుంది. బానెట్ కీలు బోల్టులు, ముందు ఫెండర్ల బోల్టులు చూడండి. వాటి తలల మీద రంగు చెదిరి స్పానర్ గుర్తులుంటే ఆ భాగం ఎప్పుడో విప్పారు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు కొంచెం లాగి చూస్తే ఫ్యాక్టరీ వెల్డింగ్ సమాన దూరాల్లో గుండ్రటి చుక్కలుగా కనబడుతుంది. చుక్కలు లేకుండా నున్నగా ఉన్నా, గజిబిజిగా గీతలా ఉన్నా ఆ పిల్లర్ (తలుపు పక్కన నిలువు స్తంభం) దగ్గర పని జరిగింది. అద్దాలన్నింటి మీదా చిన్న అక్షరాల్లో తయారీ ఏడాది గుర్తు ఉంటుంది, సీటు బెల్టు కింది చీటీ మీద తేదీ ఉంటుంది. ముందు అద్దం ఒక్కటే కొత్తదైతే రాయి తగిలి ఉండొచ్చు. ఒకే వైపు తలుపు అద్దం, వెనక అద్దం, సీటు బెల్టు మూడూ వేరే ఏడాదివైతే అటువైపు గట్టి దెబ్బే తగిలింది. బంపర్ గీసుకుపోయి రంగు వేయించడం వేరు, రేడియేటర్‌ను పట్టుకునే ముందు అడ్డపట్టీ వంకరపోవడం వేరు. రెండోదైతే చక్రాల అలైన్‌మెంట్ ఎప్పటికీ కుదరకపోవచ్చు.

వరదలో మునిగిన కారా అనేది కూడా ఇక్కడే చూసుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి కొసలో మట్టి చారలు, బూజు ఉంటే కారు నీళ్లలో నిలిచింది. సీట్ల కింద పట్టాలకు, స్ప్రింగులకు తుప్పు, డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము కూడా అదే చెబుతాయి. అలాంటి కారులో వైరింగ్ జబ్బులు ఏళ్ల తరబడి ఒకదాని వెంట ఒకటి బయటపడుతుంటాయి.

‘ఇంజిన్ విప్పలేదు’ అంటే ఏమిటి?

అమ్మేవాళ్లు ఈ మాటను పతకంలా చెబుతారు. అసలు అడగాల్సింది ఇది: ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టా, టైమింగ్ చైనా? ఇంజిన్‌లో వాల్వులు పిస్టన్లతో లయ తప్పకుండా తెరుచుకునేలా తిప్పేది అదే. బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, 14 ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదంటే ఫ్యాక్టరీలో వేసిన బెల్టే ఇంకా తిరుగుతోందన్నమాట. ఇంజిన్‌ని బట్టి బెల్టు గడువు 60,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాంతోపాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, ఎక్కువ వాటికి ఐదు నుంచి పదేళ్లు. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ఎండిపోతుంది. కిలోమీటర్లు తక్కువ కదా అనే వాదన ఇక్కడ నిలవదు. చాలా ఇంజిన్లలో నడుస్తుండగా బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి. వాల్వులు వంగి హెడ్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఏ ఇంజిన్‌కు ఏది ఉందో మోడల్ పేరుతో కాక ఇంజిన్ పేరుతో తెలుసుకోవాలి. ఒకే కారులో రెండూ ఉంటాయి. హ్యుందాయ్ ఐ10లో 1.1 లీటర్ ఇంజిన్‌కు బెల్టు, 1.2 కప్పా ఇంజిన్‌కు చైను. సుజుకి స్విఫ్ట్ 1.2 కె సిరీస్, టయోటా యారిస్ 1.3, హోండా జాజ్ పెట్రోల్ ఇంజిన్లకు చైను. ఫియట్ పుంటో 1.2 ఫైర్‌కు, ఫోర్డ్ ఫియస్టా 1.4 పెట్రోల్‌కు బెల్టు. చూసి పోల్చుకోవాలంటే ఇంజిన్ పక్కమూత ప్లాస్టిక్‌దైతే సాధారణంగా లోపల బెల్టు, బోల్టులతో బిగించిన లోహపు మూత అయితే చైను. కొంచెం తర్వాతి కాలపు చిన్న ఇంజిన్లు కొన్నింటిలో బెల్టు నూనెలోనే మునిగి తిరుగుతుంది. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో-సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్ ఆ కోవలోవి. వాటిలో బెల్టు అరిగి రాలిన పొట్టు ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుని ఇంజిన్‌కు నూనె అందకుండా చేస్తుంది. ఆ రకం కారు చూస్తుంటే, సరైన గ్రేడు నూనె వేళకు మార్చిన రశీదులు లేకుండా కొనొద్దు.

బెల్టు మార్చారని చెబితే రశీదు అడగండి. అందులో బెల్టుతోపాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు (బెల్టును బిగువుగా, దారి తప్పకుండా ఉంచేవి), బెల్టే తిప్పే రకమైతే వాటర్ పంపు కూడా ఉండాలి. బెల్టు ఒక్కటే మారిస్తే పాత బేరింగు పట్టేసి కొత్త బెల్టునూ తెంపుతుంది. రశీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి. రశీదులతో ఒకసారి విప్పిన ఇంజిన్, ఎవరూ పట్టించుకోని ఇంజిన్ కంటే నూరుపాళ్లు మేలు.

ఇక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ చూడండి. (వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయొద్దు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.) ఆకుపచ్చ, గులాబీ, నీలం, ఏ రంగైనా సరే, తేటగా ఉండాలి. తుప్పు నీళ్లలా గోధుమరంగులో ఉంటే వాళ్లు ఏళ్లుగా కూలెంట్ బదులు మామూలు నీళ్లే పోశారు. అది అల్యూమినియం హెడ్‌నూ, రేడియేటర్‌నూ లోపలి నుంచి తినేస్తుంది. పైన నూనె తేలుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానం. ఆయిల్ పోసే మూత తిప్పి అడుగున చూడండి. మీగడలాంటి పొర ఉంటే నూనెలో నీరు కలిసిందన్నమాట. చలికాలంలో దగ్గర దగ్గర దూరాలే తిరిగే కారులో ఆవిరి వల్ల కూడా కొంచెం పొర కడుతుంది. అందుకని అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీదా అదే మీగడ, ట్యాంకులో కూలెంట్ తక్కువ, రెండూ కలిస్తే మాత్రం కారు వదిలేయండి. మూత కింద నల్లటి జిడ్డు గడ్డలు కట్టి ఉంటే నూనె వేళకు మార్చలేదు.

చిన్న కార్లలో వేడెక్కడం గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. వీటిలో చాలావాటికి ఉష్ణోగ్రత చూపే ముల్లు ఉండదు, నీలం దీపం, ఎర్ర దీపం మాత్రమే ఉంటాయి. ఎర్రది వెలిగేసరికే బాగా వేడెక్కి ఉంటుంది. ఇంటికి నాలుగు కిలోమీటర్లే కదా అని అలాగే నడిపితే హెడ్ వంగిపోతుంది. ఆ తర్వాత నీళ్లు పోసి, చల్లార్చి, అమ్మకానికి పెడతారు. మొదటి పది నిమిషాలు ఏమీ కనబడదు. దాన్ని బయటపెట్టే పరీక్షలు ఇవి.

ఇప్పుడు తాళం తిప్పండి, స్టార్ట్ చేయకండి. ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ దీపాలన్నీ వెలగాలి. వెలగని దీపం ఉంటే బల్బు తీసేసి జబ్బు దాచారేమో. ఆపైన సెల్ఫ్ కొట్టండి, మరొకరిని వెనక సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. స్టార్ట్ కాగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి, దాంతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగాయి, అది ఇంజిన్ పని. చల్లటి ఉదయం తెల్లటి ఆవిరి సహజం. ఇంజిన్ వేడెక్కినా ఆగకుండా, తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది. మొదటి రెండు మూడు సెకన్లు ముందువైపు గలగలమంటే చైను సాగింది, లేదా టెన్షనర్ బలహీనపడింది.

రెండు నిమిషాలు నడిచాక రేడియేటర్ పై గొట్టం నొక్కండి. ఇంకా గోరువెచ్చగా కూడా కాకముందే రాయిలా బిగిసి ఉంటే సిలిండర్లోని వాయువు కూలెంట్లోకి వస్తోంది. వదిలేయండి. టెస్ట్ డ్రైవ్ అయ్యాక ఏసీ ఆపి, ఇంజిన్ నడుస్తుండగా నిలబెట్టి, రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగడం రెండుసార్లు చూడండి. ఓబీడీ స్కానర్ ఉంటే కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లోనే కనిపిస్తుంది. మామూలుగా 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నిలబడ్డప్పుడు అది ఆగకుండా ఎక్కుతూ పోతే ఏదో లోపముంది. ఆ ‘ఏదో’ చవగ్గా థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని నియంత్రించే వాల్వు) కావచ్చు, ఖరీదుగా హెడ్ గాస్కెట్ కావచ్చు. తేల్చుకోకుండా డబ్బు ఇవ్వకండి.

అదే స్కానర్‌తో కోడ్లు చదవండి. పీ0300 నుంచి పీ0304 దాకా ఉన్నవి మిస్‌ఫైర్‌ను (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడాన్ని) చెబుతాయి. చాలాసార్లు ప్లగ్గుతోనో, ఇగ్నిషన్ కాయిల్‌తోనో పోతుంది. పీ0420 క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) సరిగా పనిచేయట్లేదంటుంది, అది ఖర్చు. ఒక్క కోడూ లేకపోతే సంతోషించే ముందు ‘రెడీనెస్’ అనే పట్టీ చూడండి. అందులో చాలా పరీక్షలు ‘పూర్తి కాలేదు’ అని ఉంటే కోడ్లను ఈమధ్యే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. అప్పుడు ఒకటి రెండు రోజులు మామూలుగా తిప్పాక మళ్లీ చూస్తానని చెప్పండి.

మీటరు, టైర్లు, ఏసీ

78,000ని 14తో భాగిస్తే ఏడాదికి సుమారు 5,600 కిలోమీటర్లు. నిజమే అయి ఉండొచ్చు. డిజిటల్ మీటర్లను వెనక్కి తిప్పడం సులువు కాబట్టి కారునే అడగాలి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనబడటం, స్టీరింగ్ తోలు మెరవడం, డ్రైవర్ సీటు బయటి అంచు కుంగిపోవడం, గేర్ రాడ్ మీద అంకెలు చెరిగిపోవడం 78,000తో రావు. సర్వీసు పుస్తకంలో, పాత బిల్లుల్లో, కాలుష్య తనిఖీ పత్రాల్లో ఉన్న కిలోమీటర్లను తేదీల వారీగా రాసుకోండి. ఎక్కడైనా అంకె వెనక్కి వెళ్లిందంటే అబద్ధం దొరికినట్టే. ఒకవేళ నిజంగా తక్కువే తిరిగిందనుకోండి, అదీ పూర్తిగా శుభం కాదు. రెండేసి కిలోమీటర్ల ప్రయాణాలతో ఇంజిన్ ఎప్పుడూ సరిగా వేడెక్కదు, నూనె జిడ్డు కడుతుంది, సైలెన్సర్‌లో నీరు నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. గొట్టాలు, బుష్‌లు, సీళ్లు వయసుతోనే పోతాయి. ఏడాదికి 12,000 తిరిగి, ప్రతి సర్వీసుకూ కాగితం ఉన్న కారు పక్కన నిలబెడితే నేను ఆ రెండోదాన్నే ఎంచుకుంటాను.

నాలుగు టైర్లూ ఒకేసారి కొత్తవి వేశారంటే పాత టైర్లు చెప్పాల్సిన సాక్ష్యం పోయింది. ఒకవైపు అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్, అలలు అలలుగా అరిగితే షాకబ్జర్లు అని టైరే చెప్పేది. ఇప్పుడు స్టెప్నీ చూడండి, చాలాసార్లు పాత టైర్లలో ఒకటి అక్కడ మిగిలి ఉంటుంది. కొత్తవని చెప్పిన వాటి వయసు కూడా చదవండి. టైరు పక్కన డీవోటీ అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. రేఖలు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటితే పగుళ్లు వెతకాలి, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా మార్చాలి.

ఏసీని కారు నడుస్తున్నప్పుడు కాదు, నిలబెట్టి పది నిమిషాలు పూర్తి వేగంతో నడిపి చూడండి. నడిచేటప్పుడు చల్లగా ఉండి, ఆగగానే వెచ్చబడితే గ్యాస్ తక్కువో, ఫ్యాన్ బలహీనమో. ముందు సీట్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే వాసన చూడండి. ఉత్త నీరైతే ఏసీ నీటి గొట్టం మూసుకుంది, చిన్న పని. జిగటగా తియ్యటి వాసన వేస్తే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. అది చేరుకోవడానికి చాలా కార్లలో డాష్‌బోర్డు విప్పాలి.

రోడ్డు మీద అరగంట

రేడియో, ఏసీ ఆపండి, అద్దాలు దించండి. బయలుదేరే ముందే న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి వదులుతూ వినండి. తొక్కినప్పుడు మొదలయ్యే గీరుతున్న శబ్దం రిలీజ్ బేరింగుది, వదిలినప్పుడు వినిపించి తొక్కితే పోయేది గేర్‌బాక్సు లోపలి బేరింగుది. మొదటిది క్లచ్ పనిలో కలిసిపోతుంది, రెండోదానికి గేర్‌బాక్సునే విప్పాలి. దారి ఖాళీగా ఉన్నచోట 40 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఇంజిన్ మోత మాత్రం పెరిగితే క్లచ్ జారుతోంది. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు కర్‌ర్‌మంటే రెండో గేరు సింక్రోనైజర్ (గేరు మెత్తగా పడేలా చేసే రింగు) అరిగింది. చిన్న కార్లలో ముందుగా అరిగేది అదే, ఊళ్లో ఎక్కువసార్లు వేసేది ఆ గేరే కనుక.

ఖాళీ స్థలంలో స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి, రెండు వైపులా. టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్ పోయింది. దాని రబ్బరు బూటు చిరిగితే చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. ఇప్పుడే చిరిగింది, శబ్దం లేదంటే బూటు మారిస్తే చాలు. ఆలస్యమైతే జాయింటే మార్చాలి. వేగంతో పెరిగే ఊఁ శబ్దం వంపులో మారుతుంటే వీల్ బేరింగు. చిన్న గతుకుల మీద టక్ టక్ మంటే స్టెబిలైజర్ లింకులు లేదా లోయర్ ఆర్మ్ బుష్‌లు, అవి చవక. మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే ఐడిలింగ్‌లో కొంత వణుకు దాని సహజ లక్షణం. నాలుగు సిలిండర్లదై వణికితే ఇంజిన్ మౌంటింగో, మిస్‌ఫైరో చూడాలి.

బ్రేకు మామూలుగా వేసినప్పుడు పెడల్ అదిరితే డిస్కులు సమంగా లేవు. కారు ఒక పక్కకు లాగితే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసి ఉండొచ్చు. దిగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండానే. ఒక్క చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అదే దోషి. ఈ తరగతి కార్లలో చాలావాటికి స్టీరింగ్‌కు మోటారు సాయం ఉంటుంది. నిలబెట్టి రెండు వైపులా తిప్పినప్పుడు ఒకవైపు బరువనిపించినా, మధ్యలో తట్టుకున్నట్టున్నా, స్టీరింగ్ దీపం వెలిగినా ముందు బ్యాటరీ వోల్టేజీ కొలిపించండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 దగ్గర, నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజీ బాగున్నా బాధ ఉంటే స్టీరింగ్ మోటారు ఖరీదైన భాగమని గుర్తుంచుకోండి.

మెకానిక్, పత్రాలు

ఇక్కడిదాకా కారు నిలిస్తే, అమ్మే ఆయనకు సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీద ఎత్తించి చూపించండి. రెండు పనులు పేరుపెట్టి అడగండి. ఒకటి, చక్రాలు గాల్లో ఉండగా పైకీ కిందకీ, పక్కలకూ ఊపి బాల్ జాయింట్లు, టై రాడ్లు చూడటం. రెండు, కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలవడం. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌ను ఐదారు చుట్లు తిప్పి కొలుస్తారు. చాలా పెట్రోల్ ఇంజిన్లలో 10 నుంచి 14 బార్ ఉంటుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 15 శాతం దాటకూడదు. ఒకటి తక్కువ వస్తే అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలవమనండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయి ఉండే అవకాశం ఎక్కువ. ఈ తనిఖీకి అమ్మే ఆయన ఒప్పుకోకపోతే కారణం ఏం చెప్పినా కొనొద్దు.

చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. బాడీ మీద కొట్టినది, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నది ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి పోల్చండి. చుట్టూ గీతలు, కొత్త రంగు, వెల్డింగ్ ఉంటే అక్కడే ఆగండి. ఇంజిన్ నంబరూ అంతే. కారు మీద అప్పు బాకీ లేదన్న పత్రం, గత యజమానుల వరస, బీమా క్లెయిముల చరిత్ర చూడండి. మీరు తిరిగే నగరంలో పాత కార్లకు వయసు పరిమితో, కాలుష్య పరిమితో ఉందేమో ముందే తెలుసుకోండి.

ఆ 17 అక్షరాల నంబరుతోనే ఇంకో పని చేయండి. తయారీదారు వెబ్‌సైటులో రీకాల్ పెండింగ్ ఉందేమో చూడండి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి పాడై, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మి ప్రాణాలు తీసింది. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. హోండా జాజ్, టయోటా యారిస్ లాంటి చిన్న కార్లూ వాటిలో ఉన్నాయి. ఆ రీకాల్ మరమ్మతును కంపెనీ ఉచితంగానే చేస్తుంది. చేతులు మారిన కార్లకు ఆ ఉత్తరం అందక అలాగే మిగిలిపోయినవి ఉంటాయి. తొలి కారు ఇంటికి తెచ్చుకునే ముందు ఇది తప్పకుండా చూడండి.

ధర దగ్గరికి వచ్చాక మెకానిక్ రాసిన పనుల జాబితాకు విడిభాగాల ధర, కూలీ కలిపి మొత్తం వేయండి. ఇదే మోడల్, ఇదే ఏడాది కారు మంచి స్థితిలో ఎంత పలుకుతుందో చూసి అందులోంచి ఆ మొత్తం తీసేయండి. మిగిలిందే మీరు చెప్పాల్సిన ధర. అలాగని మీ చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టకండి. కారు ధరలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మొదటి ఏడాదికి విడిగా ఉంచుకోండి. పెద్ద ఖర్చు పెట్టే స్తోమత లేదన్నారు కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. దానికి తట్టుకోలేకపోతే ఇంకొంచెం చవకైన, ఇంకా సాదాసీదా కారు చూడండి.

కొంటే, రోజువారీ ప్రయాణం మొదలుపెట్టకముందే ఇవి మార్పించండి: ఇంజిన్ ఆయిల్ (ఈ సైజు ఇంజిన్లలో ఎక్కువ వాటికి మూడు నుంచి నాలుగు లీటర్లు), ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, కూలెంట్ (నాలుగైదు లీటర్లు, తయారీదారు చెప్పిన రకమే), బ్రేక్ ఆయిల్ ఒక లీటరు, గేర్ ఆయిల్ సుమారు రెండు లీటర్లు. బెల్టు రకమైతే, రశీదు లేనప్పుడు, వీటన్నిటికంటే ముందు బెల్టు.